ఫైలు పేరులో డిగ్రీ సున్నాలు

ఇంగ్లిష్ చిన్న 'ఏ' అక్షరం, దాని నెత్తిన పక్కకి వాలిన గీత ఒకటి. ఆ పక్కన, ఎండ ఎన్ని డిగ్రీలో రాసేటప్పుడు పెట్టే చిన్న సున్నా. దాని పక్కన అర్థంకాని గుర్తు ఇంకొకటి. మళ్ళీ గీత ఉన్న ఏ, మళ్ళీ సున్నా, మళ్ళీ ఇంకో గుర్తు. మధ్యమధ్యలో సున్నాకి బదులు కూడిక కింద తీసివేత పెట్టిన గుర్తు. తెలుగులో పేరు పెట్టిన ఫైలుని ఏ కంపెనీ పోర్టల్లోకో, ఏ లీవు అప్లికేషన్‌లోకో ఎక్కించి, తర్వాత మళ్ళీ తెరిచి చూసినవాళ్ళకి ఈ వరస పరిచయమే. వైరస్ పట్టిందనుకుని ఫైలు తీసేసినవాళ్ళున్నారు. తెలుగు కంప్యూటర్‌కి పడదని తీర్మానించుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ.

వైరస్ ఏమీ లేదక్కడ. అక్షరం ముక్క కూడా పోలేదు. చదివే యంత్రం వేరేవాళ్ళ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. ఆ అద్దాలు ఎవరు తయారుచేశారు, ఎవరి చూపుకి తగ్గట్టు చేశారు అన్నదే ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పుకున్న కథ. మాటల్లో అంకెలు గుర్తుండవు కాబట్టి ఇక్కడ కొంచెం నింపాదిగా రాస్తున్నాను.

కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఒక బైటు అంటే 0 నుంచి 255 లోపు ఒక అంకె. ఏ అంకెకి ఏ అక్షరం అన్నది మనుషులు కూర్చుని రాసుకున్న ఒప్పందం. 1963లో అమెరికావాళ్ళు రాసుకున్న ఒప్పందం పేరు ఆస్కీ. అందులో 128 స్థానాలే. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామాలు, చుక్కలు వాటిలో సరిపోయాయి. పెద్ద ఏ అంటే 65. ఫ్రెంచివాళ్ళకి, జర్మన్లకి, స్వీడన్‌వాళ్ళకి గీతలు, చుక్కలు ఉన్న అక్షరాలు కూడా కావాలి కదా, అందుకని మిగిలిన 128 స్థానాల్ని పశ్చిమ యూరప్ భాషలకి పంచుతూ 1987లో ఇంకో ఒప్పందం వచ్చింది. లాటిన్-1 అంటారు దాన్ని. అందులో 224 అంటే నెత్తిన గీత ఉన్న ఏ. 176 అంటే డిగ్రీ సున్నా. 177 అంటే కూడిక-తీసివేత గుర్తు. ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

అదే రోజుల్లో మన దగ్గర ఏం జరుగుతోంది? మనవాళ్ళేమీ ఊరికే కూర్చోలేదు. కాన్పూర్ ఐఐటీలో మొదలై పుణెలోని సీడాక్‌లో పెరిగిన పని ఒకటుంది. భారతీయ భాషలన్నిటికీ కలిపి ఇస్కీ అనే ఒప్పందం తయారైంది. 1988లో ఒక రూపం, 1991లో భారత ప్రమాణాల సంస్థ ముద్రతో ఇంకో రూపం. దాని తెలివి ఏంటంటే, తెలుగు క అయినా హిందీ క అయినా తమిళ క అయినా అంకె ఒక్కటే, 179. లిపి మారిస్తే చాలు, అక్షరం ఆ భాషలో కనబడుతుంది. అదే 179 లాటిన్-1 అద్దాలతో చూస్తే, ఘనపు అడుగులు రాసేటప్పుడు పైన పెట్టే చిన్న మూడు అంకె.

ఇస్కీ మంచి ఆలోచనే గానీ, బయట అమ్ముడుపోయే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోలేదు. డీటీపీ సెంటర్లలో అను లాంటి ఫాంట్లతో పని నడిచింది. ఆ ఫాంట్లు చేసింది ఒక మాయ. లోపల ఉన్నది లాటిన్ అక్షరాల అంకెలే, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగారు. పెళ్ళి కార్డు అచ్చుకి అది చాలు. ఫైలు పేరు దగ్గరికొచ్చేసరికి మాయ పనిచేయదు. ఫైళ్ళ జాబితా చూపించేది విండోస్ సొంత ఫాంటు, దానికి మన తొడుగు లేదు. అందుకే లోపలంతా తెలుగు ఉన్న పత్రానికి కూడా బయట పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకున్నాం. ఇంకోపక్క అమెరికాలో చదువుకునే మనవాళ్ళు హ్యూస్టన్ రైస్ యూనివర్సిటీలో ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారుచేసుకున్నారు. ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగుని కచ్చితంగా రాసే పద్ధతి. ఇంటర్నెట్‌లో మొదటితరం తెలుగు ముచ్చట్లు చాలావరకు అలాగే సాగాయి. పరాయి దేశంలో కూర్చుని, పరాయి అక్షరాలు అరువు తెచ్చుకుని మన భాష రాసుకోవడం అన్నమాట. ఇప్పుడు వాట్సాప్‌లో మనం చేసేదీ ఇంచుమించు అదే, కాకపోతే వాళ్ళది ఇంకా క్రమశిక్షణ ఉన్న పద్ధతి.

ఈలోగా పెద్ద ఒప్పందం ఒకటి తయారవుతోంది. జిరాక్స్ కంపెనీలో జో బెకర్ అనే ఆయన, యాపిల్‌లో లీ కాలిన్స్, మార్క్ డేవిస్ అనే ఇద్దరు కలిసి, ప్రపంచంలోని అన్ని లిపులకీ ఒకే పట్టిక ఉండాలని మొదలుపెట్టారు. 1988లో బెకర్ దాని ముసాయిదా రాశారు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగు ఉంది. మన లిపుల వరసని ఇస్కీ 1988 రూపాన్ని చూసే పేర్చారు కాబట్టి కాన్పూర్, పుణెల శ్రమ వృథా పోలేదు. తెలుగుకి 128 స్థానాలు ఇచ్చారు, 3072 నుంచి 3199 దాకా. అ అంటే 3077.

మరి 3077ని 255 దాటని బైట్లలో ఎలా పెట్టాలి? ఇక్కడినుంచి కథ ఫైలు పేర్ల కథ అవుతుంది.

అప్పటికే యూటీఎఫ్-1 అనే పద్ధతి ఒకటుంది. దానిలో పెద్ద లోపం: ఏదో ఒక దేశపు అక్షరాన్ని ముక్కలు చేసి బైట్లుగా రాస్తే, ఆ ముక్కల్లో 47 రావచ్చు. 47 అంటే ఏటవాలు గీత, స్లాష్. యునిక్స్ కంప్యూటర్లలో స్లాష్ అంటే ఒక ఫోల్డర్ అయిపోయి ఇంకో ఫోల్డర్ మొదలైందని అర్థం. అక్షరం మధ్యలో ఫోల్డర్ తెగితే ఇంకేముంది. అందుకని ఎక్స్-ఓపెన్ అనే కంపెనీల కూటమి కొత్త పద్ధతి వెతుకుతూ బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఇద్దర్నీ అభిప్రాయం అడిగింది. 1992 సెప్టెంబర్‌లో ఒక రాత్రి, న్యూజెర్సీలో రోడ్డు పక్క హోటల్లో, కంచం కింద పరిచే కాగితం మీద థాంప్సన్ గీసిందే ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న యూటీఎఫ్-8. వారం తిరక్కుండా వాళ్ళ కంప్యూటర్లన్నీ దానిలోకి మారిపోయాయి. మొదట్లో దాని పేరు ఎఫ్ఎస్ఎస్-యూటీఎఫ్. ఆ ముందరి మూడక్షరాలకి అర్థం, ఫైల్ సిస్టమ్‌కి సురక్షితం అని. అంటే ఈ పద్ధతి పుట్టిందే ఫైలు పేర్లు పాడవకుండా ఉండటానికి.

పద్ధతి సులువైనది. ఇంగ్లిష్ అక్షరాలకి పాత ఆస్కీ అంకెలే. మిగతా భాషల అక్షరాలకి రెండు, మూడు, నాలుగు బైట్లు, ప్రతి ఒక్కటీ 128 పైనే. కాబట్టి 47 కనిపిస్తే అది స్లాషే, ఇంకోటి కాదు. తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి. మొదటిది ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. మూడోది అక్షరాన్ని బట్టి మారుతుంది. అ అంటే 224, 176, 133.

ఇప్పుడు మొదట్లో చెప్పిన వరస గుర్తుచేసుకోండి. 224 గీత ఉన్న ఏ, 176 డిగ్రీ సున్నా, 177 కూడిక-తీసివేత. తెలుగుని యూటీఎఫ్-8లో పంపితే, అవతలి యంత్రం లాటిన్-1 అనుకుని చదివింది. అంతే సంగతి. ఇంకా సరదా ఏంటంటే, మన 128 స్థానాలు సరిగ్గా రెండు పెట్టెలుగా విడిపోయాయి, 64 చొప్పున. అచ్చులు, హల్లులు, నిండు సున్న, దీర్ఘం, గుడి మొదటి పెట్టెలో, అంటే 176లో. గుడిదీర్ఘం, కొమ్ములు, ఎత్వం, ఐత్వం, ఒత్వం, పొల్లు రెండో పెట్టెలో, 177లో. కాబట్టి కూడిక-తీసివేత గుర్తు కనిపించిన చోటల్లా కొమ్మో, ఏత్వమో, పొల్లో ఉందని చెప్పేయొచ్చు. దాని వెంట యూరో గుర్తు ఉంటే అది గుడిదీర్ఘం. ఓపికుంటే చేత్తోనే చదవొచ్చు. జపాన్‌వాళ్ళు ఈ గజిబిజికి మొజిబాకె అని పేరు పెట్టుకున్నారు. మనకింకా సొంత పేరు లేదు.

1992లోనే మందు దొరికితే ఇన్నేళ్ళూ జబ్బు ఎందుకుంది? వెబ్‌లో మందు వాడలేదు కాబట్టి.

బ్రౌజర్‌లోంచి ఫైలు ఎక్కించడం అనే సౌకర్యాన్ని మొదట రాతలో పెట్టింది 1995 నవంబర్‌లో. ఆర్ఎఫ్‌సీ 1867 దాని నంబరు. రాసినవాళ్ళు ఎర్నెస్టో నెబెల్, లారీ మసింటర్, ఇద్దరిదీ జిరాక్స్. ఏ కంపెనీలో కూర్చుని బెకర్ యూనికోడ్ ముసాయిదా రాశారో అదే కంపెనీ. ఫైలు పేరు ఆస్కీలో లేకపోతే ఏం చేయాలో ఆ పత్రంలో ఒక మాట ఉంది. పేరుని దగ్గరదగ్గరగా ఉండేట్టు మార్చి పంపొచ్చు, లేదా ఈమెయిల్ శీర్షికలకి వాడే పద్ధతిలో మూటగట్టి పంపొచ్చు అని. దగ్గరదగ్గరగా! ఒక పేరు దగ్గరదగ్గరగా ఉంటే చాలని ఒక ప్రమాణ పత్రం అనడం నాకు ఎప్పుడు చదివినా గుచ్చుకుంటుంది. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు లెండి, వాళ్ళకి తెలిసిన ఫైలు పేర్లన్నీ ఆస్కీలోనే ఉండేవి.

బ్రౌజర్లు ఆ రెండిట్లో ఒక్కటీ నమ్మకంగా చేయలేదు. ఏ పేజీలోంచి ఎక్కిస్తున్నామో ఆ పేజీ ఒప్పందంలోనే పేరుని పచ్చి బైట్లుగా పంపేశాయి. ఇవి యూటీఎఫ్-8 బైట్లు అని చెప్పే చీటీ మాత్రం అంటించలేదు. అందుకునే సర్వర్ తనకు అలవాటైన ఒప్పందంతో చదివింది. ఆ అలవాటు ఏంటంటే, వెబ్ నియమాల్లోనే, 1999 నాటి హెచ్‌టీటీపీ పత్రంలో కూడా, ఏమీ చెప్పకపోతే లాటిన్-1 అనుకోమని ఉంది. వెబ్ పుట్టింది స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో, చుట్టుపక్కల ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్. వాళ్ళకి లాటిన్-1 చాలు. ఆ నియమాన్ని 2014లో తీసేశారు. అప్పటికి ఆ అలవాటుతో రాసిన ప్రోగ్రాములు ప్రపంచమంతా పనిచేస్తున్నాయి.

మనలో జావా పని చేసినవాళ్ళకి ఒక లైను కంఠస్థం. వచ్చిన పేరుని మళ్ళీ లాటిన్-1 బైట్లుగా విప్పు, వాటిని యూటీఎఫ్-8గా చదువు. తప్పు అద్దాలు తీసి సరైన అద్దాలు పెట్టడమే అది. హైదరాబాద్ అమీర్‌పేటలో నేర్చుకుని వచ్చినవాళ్ళ దగ్గరా చూశాను, చైనా, కొరియా ప్రోగ్రామర్ల దగ్గరా చూశాను. ఎవరూ ఎవరికీ కారణం చెప్పరు, అతికిస్తే పనిచేస్తుంది. సర్వర్ పాతదైతే పనిచేస్తుంది. సర్వర్‌ని కొత్తదానికి మార్చారా, అది యూటీఎఫ్-8ని ముందే సరిగ్గా చదివేస్తుంది, ఈ లైను వచ్చి బాగున్న పేరుని పాడుచేస్తుంది. టామ్‌క్యాట్ అనే సర్వర్ ఎనిమిదో కూర్పులో లింకుల విషయంలో అలవాటు మార్చుకుని యూటీఎఫ్-8కి వచ్చింది. అప్పుడు పాత మరమ్మతులే కొత్త రోగాలైన ఆఫీసులు చాలా ఉన్నాయి.

పేరు సర్వర్ దాటి డేటాబేస్‌లోకి వెళితే అక్కడ ఇంకో చిత్రం. అందరూ వాడే మైసీక్వల్‌ని తయారుచేసిన కంపెనీ స్వీడన్‌ది. 2018లో ఎనిమిదో కూర్పు వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అది అన్నిటినీ లాటిన్-1లో దాచి, స్వీడిష్ అక్షరక్రమంలో వరస పెట్టేది. కరీంనగర్ వాళ్ళ పత్రాలు స్వీడన్ వరసలో!

ఇంతవరకూ చెప్పినవన్నీ వెనక్కి తిప్పుకోగల జబ్బులు. తిప్పుకోలేనిది ఒకటుంది.

లాటిన్-1లోకే మార్చి రాయమని ఏ ప్రోగ్రామ్‌కైనా గట్టిగా చెప్పారనుకోండి. తెలుగు జ కి అక్కడ స్థానం లేదు. అప్పుడది ఒక ప్రశ్న గుర్తు పెట్టి ముందుకెళ్ళిపోతుంది. ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ ఒక ప్రశ్న గుర్తు. దానిలో అసలు అక్షరం జాడ కూడా ఉండదు. గజిబిజి అంటే ఉత్తరం తెలియని భాషలో ఉన్నట్టు, ప్రశ్న గుర్తులంటే ఉత్తరం కాలిపోయినట్టు. పైగా విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్న గుర్తు ఉండకూడదు, కాబట్టి డౌన్‌లోడ్ చేసేటప్పుడు వాటి చోట కింది గీతలు వస్తాయి. వెబ్ లింకులో ప్రశ్న గుర్తు అంటే చిరునామా అయిపోయిందని అర్థం, కాబట్టి నొక్కితే ఫైలు దొరకలేదని వస్తుంది.

మా క్యాంపులో ఒక అన్న, జగిత్యాల వైపు ఆయన, షట్టరింగ్ పని. రెండు నెలల ఓవర్‌టైమ్ డబ్బులు పడలేదని కంపెనీ పోర్టల్లో అర్జీ పెట్టుకున్నాడు. సూపర్‌వైజర్ సంతకాలున్న షీట్లని ఫోన్లో ఫొటో తీసి, ఒకదానికి 'జూన్' అని, ఇంకోదానికి 'జూలై' అని చక్కగా తెలుగులో పేర్లు పెట్టి ఎక్కించాడు. వారం తర్వాత ఆఫీసువాళ్ళ మాట: జూలై షీటే వచ్చింది, జూన్‌ది నువ్వు ఇవ్వలేదు. "రెండూ ఎక్కిచ్చిన తమ్మీ, పచ్చ టిక్కు గూడ వచ్చింది" అని ఒట్టుపెట్టాడు. ఆయన చెప్పింది నిజమే. జూన్ అనే మాటలో జ, దాని కొమ్ము, న, పొల్లు, మొత్తం నాలుగు. జూలైలో జ, కొమ్ము, ల, ఐత్వం, అవీ నాలుగే. రెండు పేర్లూ నాలుగు ప్రశ్న గుర్తులయ్యాయి. ఒకే పేరుతో రెండో ఫైలు వస్తే మొదటిదాని మీద రాసేయడం ఆ పోర్టల్ పద్ధతి. జూలై వచ్చి జూన్‌ని మింగేసింది. ఫోన్లో ఫొటో ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది. పేరుని '06' అని అంకెల్లో మార్చి మళ్ళీ ఎక్కిస్తే ఆ నెలాఖరుకి డబ్బులు పడ్డాయి. ఫొటో తీసేసి ఉంటే రెండు డ్యూటీల కష్టం నాలుగు ప్రశ్న గుర్తుల కింద పోయేది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో రకం కూడా కనిపిస్తుంది. అరబిక్ విండోస్ వాడే ఆఫీసుల్లో పాత ప్రోగ్రాములు లాటిన్-1 బదులు 1256 అనే అరబిక్ పట్టిక వాడతాయి. ఆ పట్టికలో కూడా 224 గీత ఉన్న ఏ, 176 డిగ్రీ సున్నా, 177 కూడిక-తీసివేత. మొరాకో, అల్జీరియాల్లో ఫ్రెంచి కూడా రాస్తారు కాబట్టి ఫ్రెంచి అక్షరాలు కొన్ని అందులో ఉంచారు. తేడా మూడో బైటులో తెలుస్తుంది, మధ్యమధ్యలో ఉర్దూ, పర్షియన్ అక్షరాలు తొంగిచూస్తాయి. తెలుగు కొమ్ము ఉన్న చోట ఉర్దూ 'పే' కనిపిస్తుంది. ఆ అరబ్బుల పేర్లకి మాత్రం సుఖముందా? అరబిక్ ఫైలు పేరుని లాటిన్-1 సర్వర్‌లో పడేస్తే అంతా అడ్డగీత కొట్టిన పెద్ద సున్నాలూ, నెత్తిన గీత ఉన్న 'యూ'లూ. కౌంటర్‌కి అటూ ఇటూ ఉన్నవాళ్ళిద్దరిదీ ఒకే బాధ.

నాలుగైదు ఫైళ్ళని జిప్ చేసి పంపితే గీత ఉన్న ఏ కూడా కనిపించదు. గ్రీకు ఆల్ఫా, దాని పక్కన చుక్కలతో నింపిన ఇటుక, మళ్ళీ ఆల్ఫా, మళ్ళీ ఇటుక. 1981 నాటి ఐబీఎం పీసీ పట్టిక అది, నంబరు 437. తెర మీద పెట్టెలు, గోడలు గీయడానికి ఆ ఇటుకలు పెట్టారు. జిప్ పద్ధతి పేర్లకి ఆ పట్టికనే పట్టుకుని ఉండిపోయింది. ఈ పేరు యూటీఎఫ్-8 అని చెప్పే ఒక చిన్న జెండాని 2006లో చేర్చారు. ఆ జెండా ఎత్తని ప్రోగ్రామ్ జిప్ చేస్తే మన పేర్లు ఇప్పటికీ ఇటుకల గోడే.

ఒప్పందం సరిగ్గా కుదిరినా తెలుగుకి ఇంకా ఉన్న చిక్కులు రెండున్నాయి. దుబై అనే మాట తీసుకోండి. ద, కొమ్ము, బ, ఐత్వం. నాలుగు స్థానాలు, పన్నెండు బైట్లు. పాత మ్యాక్‌లో ఇదే పేరు పదిహేను బైట్లు! 1998లో వచ్చిన మ్యాక్ ఫైల్ సిస్టమ్, విడదీయగల ప్రతి గుర్తునీ విడదీసే దాచేది. తెలుగు మొత్తంలో అలా విడిపోయే గుర్తు ఒకే ఒక్కటి, ఐత్వం. ఎత్వం ఒకటి, కింద వచ్చే ఐత్వపు తోక ఒకటి, రెండు ముక్కలవుతుంది. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కి రెండు వేరువేరు పేర్లు. అందుకే మ్యాక్‌లోంచి ఎక్కించిన 'హైదరాబాద్', విండోస్‌లో టైపు చేసి వెతికితే దొరకదు. అమ్మ, నాన్న, వీసా అని పేరు పెడితే ఏ ఇబ్బందీ లేదు, దుబై, ముంబై, చెన్నై అంటేనే. 2017లో యాపిల్ కొత్త ఫైల్ సిస్టమ్‌కి మారి, ఇచ్చిన పేరుని ఇచ్చినట్టే ఉంచడం మొదలుపెట్టింది. పాతవి అప్పుడు ఎక్కించినట్టే సర్వర్లలో ఉన్నాయి.

రెండోది పాస్‌పోర్ట్. ఈ మాటలో స కింద ప ఒత్తు పడకుండా, పొల్లు విడిగా కనబడటానికి మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి పెడతాం. అది ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. కొన్ని వెబ్‌సైట్లు పనికిరాని చెత్త అనుకుని ఏరేస్తాయి. దాంతో ఎక్కించిన పేరు, దాచిన పేరు వేరైపోయి లింకు తెగుతుంది. గజిబిజిలో నెత్తిన టోపీ పెట్టుకున్న ఏ, దాని పక్కన యూరో గుర్తు కనిపిస్తే అదే ఆ దాగుడుమూతల అక్షరం. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లు కూలిపోతున్నాయని ప్రపంచమంతా గోల అయింది గుర్తుందా? జ్ఞా లోపల ఈ కనిపించని అక్షరాన్ని ఇరికించిన రూపం అది. అది ఫాంటు గీసే ప్రోగ్రామ్‌లో లోపం, ఫైలు పేర్లతో సంబంధం లేదు. యాపిల్ కొద్దిరోజుల్లోనే సరిచేసింది. అప్పుడు పేపర్లలో మాత్రం తెలుగు అక్షరమే బాంబు అన్నట్టు రాశారు.

పొడుగు పేర్ల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. లైనక్స్ సర్వర్లలో మామూలుగా ఫైలు పేరుకి 255 బైట్లు హద్దు. ఇంగ్లిష్‌లో 255 అక్షరాలు, మనకి మూడేసి బైట్లు కాబట్టి 85. గుణింతపు గుర్తులు కూడా లెక్కలోకే వస్తాయి. ఊరు, మండలం, తారీఖు అన్నీ పేరులోనే రాసే అలవాటుంటే తొందరగానే నిండుతుంది. చివరి అక్షరం మధ్యలో తెగితే నల్ల వజ్రంలో ప్రశ్న గుర్తు కనిపిస్తుంది.

మరమ్మతులు ఆలస్యంగానైనా వచ్చాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు పేరు పక్కన అది ఏ ఒప్పందంలో ఉందో చెప్పే చీటీ అంటించే పద్ధతిని 2010, 2011లో ఖరారు చేశారు. ఎక్కించేటప్పటి నియమాల్ని 2015 జూలైలో తిరగరాశారు, ఆర్ఎఫ్‌సీ 7578. రాసింది ఎవరనుకున్నారు? ఆ లారీ మసింటరే. ఇరవై ఏళ్ళ తర్వాత, ఇంకో కంపెనీలో ఉంటూ, మొత్తం యూటీఎఫ్-8లో నడిపించే దిశగా తన పాత పత్రాన్ని తనే సవరించాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం అక్కడ పెరిగింది.

ఇప్పుడు జాగ్రత్తగా కట్టిన వెబ్‌సైట్లు చేసేది ఒకటే. పేజీ, సర్వర్, డేటాబేస్ అన్నీ యూటీఎఫ్-8లో పెడతాయి. ఎక్కించిన ఫైలుని తమ సొంత నంబరుతో డిస్కులో దాచి, మనం పెట్టిన పేరుని విడిగా, ఉన్నదున్నట్టు రాసిపెట్టుకుంటాయి. జూలై జూన్‌ని మింగే ప్రమాదం ఉండదు. జాగ్రత్త లేనివి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేం ఉన్నా 'స్పెషల్ క్యారెక్టర్లు వాడరాదు' అని ఎర్ర అక్షరాలతో వెనక్కి పంపుతాయి. అమ్మ అనే మాటలో స్పెషల్ ఏముందో వాళ్ళకే తెలియాలి. దిద్దాల్సింది వాళ్ళ ప్రోగ్రామ్, మారమంటున్నది మన పేరుని.

అయినా డబ్బుతో, వీసాతో ముడిపడ్డ పని ఉన్నప్పుడు పౌరుషానికి పోవద్దు. ఎక్కించే కాపీకి అంకెలతోనో ఇంగ్లిష్ అక్షరాలతోనో పేరు పెట్టండి, తెలుగు పేరున్న అసలు ఫైలుని ఫోన్లో అలాగే ఉంచండి, ఎక్కించాక ఒకసారి తెరిచి చూడండి. ఇప్పటికే గజిబిజి అయిన పేర్లుంటే తీసేయకండి. గీత ఉన్న చిన్న ఏ, డిగ్రీ సున్నా కనిపిస్తే అది ఒక్కసారి తప్పుగా చదివిన తెలుగు, తెలిసినవాళ్ళు ఒక్క లైనుతో వెనక్కి తెస్తారు. చిన్న ఏ బదులు నెత్తిన అల ఉన్న పెద్ద ఏ కనిపిస్తే, ఒకసారి చెడినదాన్ని మళ్ళీ ఇంకోసారి చెడగొట్టారని అర్థం. అప్పుడు రెండుసార్లు వెనక్కి తిప్పాలి. మూడుసార్లు చెడిన పేరు కూడా ఒకటి నా దగ్గరికొచ్చింది, ఎవరిదో పెళ్ళి వీడియో. మూడుసార్లు తిప్పితే అబ్బాయి పేరు, అమ్మాయి పేరు, కింద తారీఖు, అన్నీ వచ్చాయి.